లైబ్రరీ గదిలో రెండో కేబుల్

మా మామ పోయాడని నాకు మూడో రోజున తెలిసింది. మామ అంటే చుట్టరికమేమీ లేదు. మదనపల్లెలో నేను పనిచేసిన కంప్యూటర్ల షాపులో కేబుళ్లు లాగే పెద్దాయన. ఓనరు తప్ప షాపులో అందరం ఆయన్ని మామా అనే పిలిచేవాళ్లం. ఓనరు మాత్రం పెద్దాయనా అనేవాడు, అదీ ఎక్కువగా పని చెడినప్పుడు. నేను పుంగనూరు బస్సు కోసం టీ అంగడి దగ్గర నిలబడి ఉంటే, రామసముద్రం నుంచి మార్కెట్టుకు టమోటాలు తోలుకొచ్చిన మనిషొకడు నన్ను గుర్తుపట్టి, "మీతో వైర్లు లాగతా ఉండిన ఆయప్ప పోయినాడే, తెలీదా?" అన్నాడు. తెలీదన్నాను. బస్సు వచ్చింది, ఎక్కాను. అంత మాట విని కూడా బస్సెక్కి పనికి పోయినవాణ్ని నేను.

పుంగనూరులో ఆ రోజు నా పని ఒక ఆఫీసులో కొత్త స్విచ్చులు బిగించి సరిచేయడం. స్విచ్చు అంటే గోడ మీది కరెంటు మీట అనుకునేరు. ఇది కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి చేరే పెట్టె. ఇరవై నాలుగు రంధ్రాలు, రంధ్రానికో చిన్న లైటు. దానికి లూప్ డిటెక్షన్ అని ఒక ఏర్పాటు ఉంటుంది. ల్యాప్‌టాప్ తగిలించి నాలుగు వరుసలు కొడితే అయిపోతుంది, కళ్లు మూసుకుని చేసే పని. అది మధ్యాహ్నం దాకా నా చేత కాలేదు. రెండో వరుస కొట్టగానే పక్కన మామ గొంతుక్కూర్చుని, "ఈ బొక్కకు పెట్టినావా, ఆ బొక్కకు పెట్టినావా" అని వేలితో లెక్కపెడుతున్నట్టే ఉంది. ఆఫీసువాళ్లు నాకు ఒంట్లో బాగాలేదనుకుని మజ్జిగ తెప్పించారు.

మామ అసలు పని నీళ్లు. రామసముద్రం చుట్టుపక్కల టమోటా తోటలకు డ్రిప్పు పైపులు వేసేవాడు. బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయి పైపులు వేయించుకునేవాళ్లు కరువయ్యాక టౌనుకు వచ్చాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా వైపు, మదనపల్లె పక్కనున్న అంగళ్లు ఊరి నుంచి కుప్పం దాకా ఎక్కడ చూసినా కాలేజీలు, ప్రతి కాలేజీలో ఒక కంప్యూటర్ల గది. కేబుళ్లు లాగేవాళ్లకు గిరాకీ. "పైపు పూడ్సేటోనికి వైరు పూడ్సేది ఒక లెక్కనా" అని షాపులో చేరిపోయాడు. అప్పటికి యాభై అయిదు దాటాయి. చదువు రాదు. కళ్లజోడు పెట్టుకోవడం నామోషీ.

కేబుల్ లోపల ఎనిమిది సన్న తీగలుంటాయి. వాటిని ఒక వరుసలో పేర్చి, ప్లాస్టిక్ ప్లగ్గులో దూర్చి నొక్కాలి. ఒక్కటి తప్పినా పనిచేయదు. నేను ఆ వరుస నేర్చుకోవడానికి చేతి మీద రాసుకుని తిరిగాను. మామ ఒక పూటలో నేర్చుకున్నాడు, అదీ తన పద్ధతిలో. నారింజ రంగుది దోర టమోటా, గోధుమ రంగుది మట్టి. తెల్ల చారలున్నది పిల్ల, చారలు లేనిది తల్లి. "పిల్ల దోర, తల్లి దోర. పిల్ల పచ్చ, తల్లి నీలం. పిల్ల నీలం, తల్లి పచ్చ. పిల్ల మట్టి, తల్లి మట్టి." ఇట్లా గొణుక్కుంటూ నొక్కేవాడు. నడిమధ్యలో పిల్లలు తారుమారయ్యారేంది మామా అంటే, ఎవరి పిల్లల్ని వాళ్లే పెట్టుకుంటే సంసారం నడుస్తాదా అనేవాడు. ఆయన నొక్కిన ప్లగ్గు ఒక్కటి కూడా తప్పు పోవడం నేను చూడలేదు. పైతోలు చక్కగా ప్లగ్గు లోపలికంటా పోయి ఉండేది. నాది అట్లా ఉండదు. నాకు ఓపిక తక్కువ. తోలు ఎక్కువ ఒలిచేస్తాను, రంగు తీగలు ప్లగ్గు బయటికి కనిపిస్తుంటాయి. అది చూసి మామ, పంచె జారిపోయినట్లు ఉండాదని నవ్వేవాడు. ఇంజనీరింగు చదివినవాణ్ని నేను. నాకు ఒళ్లు మండేది.

ఇంకా చాలా ఉండేవి ఒళ్లు మండించేవి. ప్లాస్టిక్ కట్లు కేబుల్‌ను కొరుకుతాయని పాత లుంగీ చింపిన పేలికలతో కట్టేవాడు. కాలేజీవాళ్లు అవి చూసి ముఖం చిట్లిస్తే నేను సంజాయిషీ చెప్పుకోవాలి. అన్నిటికంటే చివర ఉన్న కంప్యూటరుకు లైటు వెలిగేదాకా టీ ముట్టేవాడు కాదు. మేం తాగుతుంటే మాత్రం మా గ్లాసుల వంక చూస్తూ నిలబడేవాడు. ఇంటికి బయలుదేరే ముందు పెట్టెలో ఉన్న ప్లగ్గులన్నిటినీ బొటనవేలితో ఒక్కొక్కటిగా ఒత్తుకుంటూ పోవడం ఒక అలవాటు. పొద్దున రాగానే మళ్లీ ఒత్తేవాడు. బస్సు పోతుంది మామా అని నేను అరుస్తూనే ఉంటాను. ఆయన ఒత్తుతూనే ఉంటాడు. చాలాసార్లు బస్సు పోయేది.

పుంగనూరులోనే ఒక కాలేజీలో మొదటిసారి మామ నా కొంప ముంచాడు. ఆ ల్యాబులో మూడు పెట్టెలు. మొదటి దానిలోంచి రెండో దానికి, రెండో దానిలోంచి మూడో దానికి కేబుల్. గది చివర ఉన్న ఆ మూడోది ఒక్క కేబుల్ మీద ఆధారపడి ఉండటం మామకు నచ్చలేదు. మిగిలిన ముక్క తీసుకుని మూడో దాన్ని తెచ్చి మళ్లీ మొదటి దానికి కలిపాడు. ఎవరినీ అడగలేదు. అడిగేంత పని కూడా కాదు అది, ఆయన లెక్కలో. డ్రిప్పులో అట్లాగే చేస్తారు. పైపు తోకను తెచ్చి తలకు కలిపితే నీళ్లు రెండు వైపుల నుంచీ వస్తాయి, కడచెట్టుకు కూడా నిండుగా అందుతాయి. ముప్పై ఏళ్లు అట్లా చేసి మంచిపేరు తెచ్చుకున్న మనిషి.

కలపగానే పెట్టెల మీద లైట్లన్నీ పిచ్చెక్కినట్టు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. "సూడప్పా, కడపెట్టె కూడా ఎట్ల ఎలగతాందో" అని మామ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించాడు. ఒక్క కంప్యూటరూ పనిచేయడం లేదు. ఒకటిన్నర రోజు నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ప్లగ్గులు మార్చాను, పెట్టెలు ఆర్పి వెలిగించాను, టెలిఫోనువాళ్లతో పోట్లాడాను. మామ నాకు టీలు మోశాడు. రెండో రోజు మధ్యాహ్నం కేబుల్‌ను చేత్తో తడుముకుంటూ పోతే, తిరిగి తిరిగి బయలుదేరిన చోటుకే వచ్చాను. అప్పుడు ల్యాబులో అందరూ ఉన్నారు. అందరి ముందరా అరిచాను. ఏమేం అన్నానో ఇక్కడ రాయలేను, నా తండ్రి వయసు మనిషిని.

మామ తల వంచుకుని అంతా విన్నాడు. నేను అలిసిపోయాక నెమ్మదిగా అడిగాడు. "రెండు పక్కల నుంచి వస్తే మంచిదే కదప్పా. యాల చెడిపాయ?"

ఆ మాట అడిగిన తీరుకు నా కోపం సగం దిగిపోయింది. కూర్చోబెట్టి చెప్పాను. నీళ్లయితే చెట్టు తాగేస్తుంది మామా, అక్కడికి సరి. ఇక్కడ పోయేది కబురు. ఫలానా మిషను ఎక్కడుంది అని ఒక మిషను కేకేస్తే, పెట్టె ఆ కేకను అన్ని రంధ్రాల్లోంచీ పంపుతుంది. చుట్టు కలిసిపోయి ఉంటే ఆ కేక తిరిగి దాని దగ్గరికే వస్తుంది, మళ్లీ పంపుతుంది, మళ్లీ వస్తుంది. తాగేవాళ్లు లేరు, ఇంకేవాళ్లు లేరు. చివరికి ఆ కేకలు తప్ప ఇంకేదీ పోవడానికి దారి ఉండదు. అట్లయితే తప్పేనన్నాడు మామ. తర్వాత తన చేతుల వంక చూసుకున్నాడు. "నా చెయ్యి ఊరుకోదప్పా. ఒక బొక్క ఖాళీగా ఉండి, పక్కన వైరు ఊరికే ఏలాడతా కనపడితే, అదే పోయి పెట్టేస్తాది. దీనికేమన్నా కాపలా ఉండాదా?"

ఉంది. లూప్ డిటెక్షన్ అంటే అదే. అప్పటిదాకా మేం వాడిన చవక పెట్టెల్లో లేదు గానీ, తర్వాత షాపుకు వచ్చినవాటిలో ఉంది. పెట్టె అప్పుడప్పుడు తన పేరుతో ఒక చిన్న కబురు బయటికి పంపుతుంది. అది తిరిగి తనకే వచ్చిందంటే ఎక్కడో చుట్టు కలిసిందని గ్రహించి, ఆ రంధ్రాన్ని మూసేస్తుంది. మిగిలిన వాళ్ల పని చెడదు. మొదటి పెట్టెకు ఈ ఏర్పాటు చేసిన రోజు మామను పిలిచి, కావాలనే చుట్టు కలపమన్నాను. భయపడుతూ పెట్టాడు. రెండు క్షణాల్లో లైటు ఆరిపోయింది. మామ ముఖం చూడాలి అప్పుడు. దొంగను పట్టేసినాదే అని నవ్వి, మళ్లీ తీసి మళ్లీ పెట్టాడు. మూడు నాలుగుసార్లు పెట్టించుకుని, ఇంగ నాకు దిగులు లేదన్నాడు.

అప్పట్నుంచి ప్రతి ఊళ్లో ఇదే వరస. నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే పక్కన చేరి రంధ్రాలు లెక్కపెట్టేవాడు. బ్యాగు భుజాన వేసుకునే ముందు, "కాపలా పెట్టినావా?" అని అడిగేవాడు. పెట్టాను అని నేను అనాలి. అనకపోతే కదిలేవాడు కాదు. రోజూ ఇదే ప్రశ్న విని విని నాకు విసుగు పుట్టేది.

కుప్పం పని ఆ తర్వాత ఏడాదికి వచ్చింది. అక్కడొక కాలేజీకి ఇన్‌స్పెక్షన్ రాబోతోంది. కంప్యూటర్లన్నీ కలిపి చూపించకపోతే సీట్లు ఇవ్వరు. ప్రిన్సిపాల్ మా ఓనరు మెడ మీద కూర్చున్నాడు, ఓనరు నా మెడ మీద. రెండు వారాలు అక్కడే ఉన్నాం. టీ అంగడివాడు అరవంలో మాట్లాడితే మామ తెలుగులో జవాబు చెప్పేవాడు, ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. ల్యాబు నుంచి లైబ్రరీ గదికి దారి ఎట్లా ఉందో పరీక్షించడానికి మొదట్లోనే నేనొక కేబుల్ లాగాను, వరండా వెంబడి, తాత్కాలికంగా. ప్లగ్గులు కూడా నేనే నొక్కాను. తర్వాత మామ గోడలో పైపు దించి అసలు కేబుల్ పద్ధతిగా వేశాడు. నాది తీసేయాలి. తీయలేదు. ఒక కొస లైబ్రరీలోని పెట్టెకే తగిలి ఉంది, ఇంకో కొస ల్యాబులో వేలాడుతూ ఉండిపోయింది.

పెట్టెలు ఆలస్యంగా, ఇన్‌స్పెక్షన్ ముందురోజు మధ్యాహ్నం వచ్చాయి. అయిదు పెట్టెలు. సాయంత్రానికి అన్నీ బిగించాను. లైబ్రరీలో ఉన్న పాత చిన్న పెట్టె తీసేసి, దానికున్న వైర్లన్నీ కొత్తదానికి మార్చాను. ఏ వైరు ఏదో చూసుకోలేదు. లూప్ డిటెక్షన్ పెట్టడం మిగిలింది, పెట్టెకు పావుగంట. ఆకలి దంచేస్తోంది. ఆలస్యమైతే హోటల్లో సంగటి అయిపోతుంది. పొద్దున చేద్దాంలే అనుకున్నాను. మామ వరండాలో పేలికలు కడుతున్నాడు కాబట్టి నేను ఏం చేసిందీ చూడలేదు. బ్యాగు ఎత్తుకునే ముందు ఎప్పటిలాగే అడిగాడు. పెట్టాను పద మామా అన్నాను. అబద్ధం ఆడుతున్నానని కూడా అనిపించలేదు, ఆకలి తప్ప.

మర్నాడు పొద్దున అందరూ ఉరుకులు పరుగులు. ల్యాబులో పెట్టె పక్కన ఒక ప్లగ్గు వేలాడుతూ కనిపించింది. ఏదో ఊడిపోయినట్టుందని తీసి ఖాళీ రంధ్రంలో పెట్టేసి, ప్రిన్సిపాల్ పిలుస్తుంటే కిందికి పోయాను. మామ చెయ్యిని ఏడాదిగా ఎగతాళి చేసినవాడి చెయ్యి ఇది.

ఇన్‌స్పెక్షన్‌వాళ్లు ల్యాబులో కుర్చీలు లాక్కుని కూర్చునేసరికి ఒక్క కంప్యూటరూ పలకడం లేదు. లైట్లన్నీ కొట్టుకుంటున్నాయి. చూడగానే నాకు తెలిసిపోయింది, చుట్టు ఎక్కడో కలిసింది. గదులన్నీ పరిగెత్తాను, నా వెనక ఓనరు, ఓనరు వెనక ప్రిన్సిపాల్. లైబ్రరీ గదిలో మామ ఉన్నాడు. పెట్టెలో ల్యాబు నుంచి వచ్చినవే రెండు కేబుళ్లు ఉన్నాయి. ఒకటి గోడలోంచి, ఇంకొకటి వరండా మీదుగా. ఆ రెండోది పీకేశాను. లైట్లు నెమ్మదించాయి. కానీ అప్పటికే వచ్చినవాళ్లు కాగితం మీద ఏదో రాసుకుని లేచి వెళ్లిపోయారని కింది నుంచి కబురొచ్చింది.

ఓనరు ఆ రెండు రంధ్రాలు చూశాడు, మామను చూశాడు. "పెద్దాయనా, మళ్లీనా?" అన్నాడు.

నా చేతిలో ఉన్న ప్లగ్గు వంక చూశాను. తోలు ఎక్కువ ఒలిచి, రంగు తీగలు బయటికి కనిపిస్తూ ఉంది. నాది. పొద్దున ల్యాబులో రెండో కొస పెట్టిందీ నేనేనని అప్పుడే గుర్తొచ్చింది. నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. ఈలోపల మామ అన్నాడు: "నా చెయ్యేనప్పా. పొద్దన్నే అన్నీ ఒత్తుకుంటా వచ్చినాను. ఎప్పుడు పెట్టినానో నాకే తెలీలేదు. కాపలా ఉండంగానే చెడగొట్టేసినాదంటే, ఇంగ ఇదేం చెయ్యి."

ప్రిన్సిపాల్ అరవడం మొదలుపెట్టాడు. ఓనరు ఆయన చేతులు పట్టుకుని బతిమాలుతున్నాడు. నేను ప్లగ్గును పిడికిట్లో పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. భయమే, ఇంకేం కాదు. తిరుగు బస్సులో మామ నా పక్కన కూర్చోలేదు, వెనక సీటులో కూర్చున్నాడు. పలమనేరులో బస్సాగితే దిగి నాకు చెనిక్కాయలు కొని ఇచ్చాడు. తిన్నాను. సోమవారం నుంచి రావద్దని ఓనరు ఆయనతో అన్నది మదనపల్లెలో దిగాక, నేను వినేంత దగ్గరలోనే.

నాలుగు రోజులు పట్టింది నాకు. నాలుగో రోజు ఓనరు దగ్గరికి పోయి, కేబుల్ నాది, పెట్టింది నేను, లూప్ డిటెక్షన్ పెట్టనిదీ నేనేనని చెప్పాను. ఓనరు మిషన్లు అమ్మే మనిషి, ఆ ఏర్పాటు సంగతి ఆయనకు అంతుపట్టదు. విని, వీపు తట్టాడు. ఆయనే ఒప్పుకున్నాడు కదా, నువ్వెందుకు మీదేసుకుంటావు, జాలికైనా ఒక హద్దుండాలి అన్నాడు. నేను మళ్లీ చెప్పాను. నువ్వు గమ్మున పని చూసుకో అన్నాడు. నేనూ మానేస్తానని అనొచ్చు. అనలేదు.

ఆదివారం రామసముద్రం బస్సెక్కి మామ ఊరికి పోయాను. కుప్పంలో ఆ కేబుల్ కొస కోసి తెచ్చిన ప్లగ్గు జేబులో ఉంది. మామ చేను గట్టు మీద కూర్చుని ఉన్నాడు. వానలు పడి బోరులో కాసిని నీళ్లొచ్చాయట, పావెకరం టమోటా పెట్టాడు. ఆయన కాళ్ల దగ్గరే పైపు అతుకు ఊడిపోయి నీళ్లు చిమ్ముతున్నాయి. మడుగు కట్టి ఉంది. ఎదురుగా కూర్చుని చూస్తున్నాడు. అదేంది మామా, బిగించొచ్చు కదా అంటే, పక్కచేని ఆయప్పను రమ్మన్నానని, ఆయన వచ్చి పెడతాడని చెప్పాడు. "నా చెయ్యి మీద నాకు నమ్మకం పోయినాదప్పా. ఏందో ఒకటి చెయ్యబోయి ఇంకోటి చేస్తాది."

ముప్పై ఏళ్లు పైపులు వేసిన మనిషి. అంతా చెప్పేశాను, ఒక్కటీ దాచలేదు. సంగటి సంగతి కూడా చెప్పాను. ప్లగ్గు తీసి చేతిలో పెట్టాను. చూడు మామా, పంచె జారింది, నువ్వు నొక్కింది ఇట్లా ఉంటుందా అన్నాను. మామ దాన్ని వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పాడు. చాలా రోజుల తర్వాత నవ్వినట్టు నవ్వాడు.

"నా కోసరం బస్సులో కూర్చోని చేసినావా ఇది?"

లేదు మామా, అదే ఇది అన్నాను. మామ నా భుజం మీద చెయ్యేశాడు.

"నువ్వు చేసింటే ఆ పొద్దే చెప్పింటావు కదప్పా, అందరి ముందరా. నాకు తెలీదా నువ్వు. కాపలా పెట్టినానని నీ నోటితో చెప్పినావు. నువ్వు నాకు అబద్ధం చెప్తావా?"

చెప్తాను మామా, చెప్పాను అన్నాను. నమ్మలేదు. కోపమొచ్చింది. పుంగనూరులో అరిచినట్టే అరిచాను, ముసలోడా నీకెంత చెప్పినా అర్థం కాదా అని. అమ్మ మీద ఒట్టేశాను. అప్పుడు మాత్రం మామ కంగారుపడ్డాడు. నా నోరు మూశాడు. "వద్దప్పా, నా కోసరం అమ్మ మీద ఒట్లు ఎయ్యద్దు. అమ్మకు మంచిది కాదు" అన్నాడు. ఈలోగా పక్కచేని ఆయన వచ్చి, ఇంత దానికి పిలిచినావా అని విసుక్కుంటూ అతుకు బిగించి పోయాడు. మామ కాళ్లు దగ్గరికి లాక్కుని, తడి మట్టిలోంచి పక్కకు జరిగి కూర్చున్నాడు. ప్లగ్గు నాకు తిరిగి ఇచ్చేశాడు.

ఆ తర్వాత రెండేళ్లలో నేను మళ్లీ పోలేదు. పోయి ఏం చెప్పాలో తెలియక. ఆయన ఇంకెక్కడా పనికి పోలేదని, ఇంట్లో మిక్సీ వైరు ఊడినా ముట్టుకునేవాడు కాదని ఆ ఊరివాళ్లు ఎప్పుడన్నా చెబుతుండేవాళ్లు. విన్న ప్రతిసారీ, వచ్చే ఆదివారం పోదామనుకునేవాణ్ని.

చివరికి నేను పోయింది మామ చనిపోయాక వచ్చిన ఆదివారం. ఇంటి ముందు నలుగురైదుగురు మనుషులు కూర్చుని ఉన్నారు. అత్తను నేను చూడటం అదే మొదలు. పేరు చెప్పగానే గుర్తుపట్టింది. వాళ్ల పక్కనే చాప వేసి, అందరూ వినేటట్టు చెప్పింది: "ఈయప్పే. కుప్పంలో మా ఆయన చేసిన తప్పు తన మీద ఏసుకోను ఇంత దూరం వచ్చినోడు. పోయే ముందర్రోజు కూడా చెప్పుకున్నాడు, సొంత కొడుకైనా అట్ల రాడని."

కూర్చున్నవాళ్లు నా వంక గౌరవంగా చూశారు. ఒకాయన చేతులు జోడించాడు.

కాదమ్మా, ఆయన చేసిన తప్పేం లేదు, నిజంగా నేనే, ఆ చేతికి ఏమీ కాలేదు, బంగారం లాంటి చెయ్యి అన్నాను. అత్త కొంగుతో కళ్లు తుడుచుకుని నా ముందు ప్లేటు పెట్టింది.

"అట్లే అంటావని కూడా చెప్పినాడు లేప్పా. ఎండన పడి వచ్చినావు, అన్నం తిను."

తిన్నాను.